వేడి చేసిందనుకున్నాం

పొద్దున లేవగానే మా నాయిన దేవుడి పటం దగ్గరికి పోయేవాడు కాదు, బర్రెల కొట్టంలోకి పోయేవాడు. చేతిలో కందికట్టె పుల్ల ఒకటి ఉండేది. రాత్రి పడిన పేడను ఆ పుల్లతో అటూ ఇటూ కదిలించి, వంగి చూసి, ఆ తర్వాతే వేపపుల్ల నోట్లో పెట్టుకునేవాడు. మా అమ్మకు ఈ అలవాటంటే ఒళ్లుమంట.

"లేవంగనె లచ్చిమి మొఖం జూడాలె గని గీ పెండ మొఖం ఏంది?" అని వాకిలి ఊడుస్తూ గొణిగేది.

"మన లచ్చిమి గిండ్లనే ఉంటదే," అనేవాడు నాయిన తల ఎత్తకుండానే.

మాది మేడ్చల్ పక్కన అత్వెల్లి. నాకూ అన్నకూ ఊహ తెలిసేనాటికి మాకు నాలుగు బర్రెలు, ఊరి బయట కొంచెం అంగూర్ తోట ఉండేవి. నేను నాయిన వెనకాలే కొట్టంలోకి పోయి పక్కన గొంతుక్కూర్చుని చూసేదాన్ని. ఆయన నాకు అక్షరాలు నేర్పలేదు, ఆయనకే రావు. పేడను చూసి తెలుసుకోవడం నేర్పాడు. పల్చగా పడితే పచ్చిగడ్డి ఎక్కువైంది. గట్టిగా ముద్దలు కడితే నీళ్లు సరిగ్గా తాగలేదు. జిగురు కనిపిస్తే లోపల పురుగులున్నాయి.

"నోరు లేని జీవం బిడ్డా. దానికేమైందో అది జెప్పలేదు. మనమే జూసి తెలుసుకోవాలె," అనేవాడు.

ఒకసారి ఇంకా ఈనని మా పడ్డ వేసిన పేడలో దారమంత ఎర్రటి జీర కనిపించింది. నాకైతే కనిపించనే లేదు, నాయిన పుల్లతో విడదీసి చూపిస్తే చూశాను. ఆ రోజు ఆయన తోటకు పోలేదు, చాయ కూడా తాగలేదు. పడ్డ మెడకు పలుపు వేసి మేడ్చల్‌లోని పశువుల దవాఖానకు నడిపించుకుపోయాడు. బడి ఎగ్గొట్టి నేనూ వెంటపడ్డాను. డాక్టరు మందు తాగించి, "మంచిగ జల్దీ తోల్కొచ్చినవ్," అని నాయిన భుజం తట్టాడు. తిరుగుదారిలో నాయిన నాకు మిర్చిబజ్జీ కొనిచ్చి, పడ్డ వీపు మీద చెయ్యి వేసుకుని ఊరిదాకా నడిచాడు. ఆ పడ్డ బర్రె అయి, ఎన్నో ఈతలు ఈని, మా కొట్టంలోనే ముసలిదైంది.

ఆ అంగూర్ తోట గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు తోచదు. చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో పందిళ్లకింద గుత్తులు వేలాడేవి. పిట్టలు గుంపులుగా వచ్చి పడేవి. నాయిన మంచె మీద వడిసెల తిప్పుతూ "హో... హోయ్" అని గొంతెత్తేవాడు. కింద నేనూ అన్నా నూనె డబ్బా ఒకటి పెట్టుకుని దాన్ని సొట్టలు పడేలా బాదేవాళ్లం. పిట్టలు తిన్నదానికంటే మేం తిన్నదే ఎక్కువని నాయినకు తెలుసు. తెలిసినా అనేవాడు కాదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా అంగీల మీది మరకలు చూసి నాయినను కన్న మా అవ్వ మాత్రం ఊరుకునేది కాదు.

"అంగూర్ ఎక్కువ తింటె వేడి జేస్తది పోరగాండ్లారా," అని మాడు మీద ఆముదం చరిచేది.

వేడి చేయడం అనేది మా అవ్వ శాస్త్రం. కోడిగుడ్డు వేడి. మామిడిపండు వేడి. బస్సు ప్రయాణం వేడి. కోపమూ వేడే. కళ్లు మండినా, నోరు పూసినా, ఒంటికి పోతుంటే మంట పుట్టినా, ముక్కులోంచి నెత్తురు కారినా అన్నిటికీ కారణం ఒకటే, మందూ ఒకటే. సబ్జగింజలు నానేసి తాగాలి. రాగిపిండితో కాచిన తైదంబలిలో సల్ల పోసుకుని తాగాలి. అరికాళ్లకు ఆముదం రాయాలి. నిజం చెప్పొద్దూ, ఆ అంబలి రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. మట్టిగురిగిలో రాత్రంతా ఉండి కొంచెం పులిసిన అంబలి, అందులో ఉల్లిగడ్డ ముక్కలు. ఎండాకాలం సెలవుల్లో అరుగు మీద కూర్చుని అది తాగుతుంటే, మాకు ఏ రోగమూ రాదన్న ధీమా ఉండేది. అంత హాయి మళ్లీ నేను ఎరుగను.

ఇక పెద్దవాళ్లకు చలువ చేయాలంటే తాళ్లల్లకు పోవాలి. పొద్దున్నే చెట్టు మీంచి దించిన కల్లు లోపలి వేడినంతా గుంజేస్తుందని మా వైపు నమ్మకం. నాయిన ఎప్పుడైనా పోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు మాకు ముంజలు తెచ్చేవాడు. ఆ ముంజలమీద మాకున్న ప్రేమవల్ల నాయినకు వేడి చేసిందంటే మాకు లోలోపల సంతోషంగా ఉండేది.

బర్రెల పేడ గురించి వాకిట్లో నిలబడి ఎంతసేపైనా మాట్లాడుకునే మా ఇంట్లో, మనుషుల సంగతి వచ్చేసరికి నోటికి తాళం పడేది. నాయిన తెల్లవారకముందే చెంబు పట్టుకుని తోట అవతలికి పోయేవాడు, చీకటి ఉండగానే తిరిగి వచ్చేవాడు. తర్వాత అన్న ఇంటి వెనక మరుగుదొడ్డి కట్టించినా ఆయన అటు తొంగి చూడలేదు. "నాలుగు గోడల నడుమ నాకు రాదు," అనేవాడు. చీకట్లో పోయి చీకట్లో వచ్చే మనిషికి తన ఒంట్లోంచి ఏం పోతుందో ఎలా కనిపిస్తుంది?

మొదట చూసింది అమ్మ. ఆయన పంచె ఉతికేటప్పుడు వెనకవైపు నెత్తుటి మరక కనిపించింది. అప్పటికి నేను పెళ్లయి, బడిలో లెక్కల టీచరు ఉద్యోగం తెచ్చుకుని, తూంకుంటలో ఉంటున్నాను. నాయిన అరవై దాటాడు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది కానీ ఆమె శాస్త్రం పోలేదు. అమ్మ ఆ మరకను చూసి మాకెవరికీ చెప్పలేదు. సబ్జగింజలు నానేసింది. నాయిన తాళ్లల్లకు పోయి వచ్చాడు. నాలుగు రోజులకు నెత్తురు ఆగింది. వేడి తగ్గిందని ఇద్దరూ నెమ్మదించారు.

కొంతకాలానికి మళ్లీ కనిపించింది. ఈసారి ఎవరో మొలలన్నారు. శామీర్‌పేట అవతల మొలలకు పసరు పోసే మనిషి ఉంటే అక్కడికి పోయి తాగి వచ్చాడు. వంకాయ, గోంగూర, కోడికూర మానేయాలని పథ్యం పెట్టారు. నాయిన ఆ పథ్యాన్ని వ్రతంలా చేశాడు. మళ్లీ ఆగింది. దానంతట అది ఆగుతుంది, దానంతట అది మొదలవుతుందని మాకేం తెలుసు? ఆగినప్పుడు పేరు పసరుకు వచ్చేది, మళ్లీ మొదలైనప్పుడు నింద ఎండాకాలానికి పోయేది.

నేను పండక్కి పోయినప్పుడు చూస్తే నాయిన మెడకింద ఎముకలు లేచి ఉన్నాయి. పంచె జారిపోతుంటే నడుముకు మొలతాడు బిగించుకుంటున్నాడు. "ఏంది నాయినా గిట్లైనవ్?" అంటే, "వేడి బిడ్డా. ఒళ్లంత గుంజేస్తాంది," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో అందరి మీదా అరిచాను. మర్నాడే అన్ననూ అమ్మనూ వెంటబెట్టుకుని నాయినను పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరు మెత్తటి మనిషి. "ఎప్పటినుంచి నెత్తురు పడుతోంది?" అని అడిగాడు.

"మొన్నటి ఎండాకాలం సంది సార్," అన్నాడు నాయిన.

"మొన్నటిది గాదు సార్. అంతకు ముందటి ఎండాకాలం," అంది అమ్మ.

"కాదే. ముందటేడు అయింది మొలలు."

"ఆ మొలలే సార్. గప్పటి సందే."

ఇద్దరూ ఏ ఎండాకాలమో తేల్చుకోలేక డాక్టరు ముందే వాదులాడుకున్నారు. ఆయన రాయడం ఆపి ఇద్దరివైపూ చూస్తూ ఉండిపోయాడు.

పెద్దపేగులో క్యాన్సర్ అన్నారు. అప్పటికే కాలేయం దాకా పాకింది. చేయగలిగింది చేశారు. నాయిన మంచం పట్టి, ఆ తర్వాత వచ్చిన వానాకాలం వెళ్లేలోపు పోయాడు. చివరి రోజుల్లో కూడా అన్న గదిలోకి రాగానే, "బర్రెలు మంచిగున్నయా? రోజు జూస్తున్నవా?" అని అడిగేవాడు. అన్న "జూస్తున్న నాయినా," అని తలుపు దగ్గరే నిలబడేవాడు.

దినాలైన తర్వాత నాయిన కాగితాలకోసం మేమిద్దరం దవాఖానకు పోతే డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు. తండ్రికి వచ్చింది కాబట్టి పిల్లలకు కూడా వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. నలభై వచ్చేసరికి ఇద్దరూ పెద్దపేగు లోపల కెమెరాతో చూపించుకోవాలి. ఇంట్లో ఎవరికీ లేనివాళ్లు కూడా నలభై అయిదు దాటాక ఏ పరీక్ష అవసరమో డాక్టరును అడగాలి, కొందరికి మలం పరీక్షతోనే మొదలుపెడతారు.

"ఏ బాధా లేకపోయినా రావాలి. బాధ మొదలయ్యేదాకా ఆగితే మీ నాన్నగారు వచ్చినప్పుడే మీరూ వస్తారు," అన్నాడు.

అన్నకు అప్పటికే నలభై దాటింది. సర్కారు ఆఫీసరు ముందు ఊపినట్టు తల ఊపి, ఇంటికి వచ్చి, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

నేను ఊరుకునే రకం కాదు. పోయిన ప్రతిసారీ అడిగేదాన్ని. నెత్తీ నోరూ బాదుకున్నా చెవిటివాని ముందు శంఖమే. అన్నది ఇనుప శరీరం. నాయిన పోయాక బర్రెలను పెంచి, తోట పోయినా పాల వ్యాపారం నిలబెట్టాడు. తోట ఉన్నచోట ఇప్పుడు ప్రహరీగోడ, విల్లాలు. ఆ విల్లాలకే అన్న పాలు పోస్తాడు.

"నాకేం రోగమే చెల్లే? రాళ్లు తిన్నా అరుగుతయి. పొద్దుగాల గడియారం లెక్క పోతున్న. నెత్తురు లేదు, నొప్పి లేదు. ముందు నీ కడుపు సంగతి జూస్కో," అనేవాడు.

ఆ దెబ్బ సరిగ్గా తగిలేది. ఇద్దరిలో కడుపు బాధలు నాకే ఎక్కువ. గ్యాసు, మంట, ఒక పూట తింటే ఒక పూట తినలేకపోవడం. నాకూ నలభై దాటింది. నాకూ భయమే. నాకు ఏదో ఉందనే అనుకుంటూ, ఉందని తెలిస్తే ఏమవుతుందోనని పరీక్షను దసరా సెలవులకు, అక్కడినుంచి ఎండాకాలం సెలవులకు తోసుకుంటూ వచ్చాను.

మా కాలనీలో పక్కింటావిడది గోదావరి వైపు. ఒకరోజు నేను కడుపు పట్టుకుని గేటు దగ్గర నిలబడితే గ్లాసెడు మజ్జిగ తెచ్చిచ్చి, "వేడి చేసిందండీ మీకు," అంది. నాకు నవ్వాగలేదు. రాష్ట్రాలు రెండయినా వేడి మాత్రం ఒకటే. ఆవిడకు నా నవ్వు అర్థం కాక కారణం అడిగితే నాయిన సంగతంతా చెప్పాను. ఆవిడ నవ్వడం మానేసింది.

"మా వారికి నలభై అయిదు దాటాక చేయించానండి ఆ పరీక్ష. ఆయనకేమీ లేదు, అయినా చేయించాను. నిద్రపుచ్చుతారండి. లేచేసరికి అయిపోతుంది. ముందురోజు తాగే మందే కష్టం తప్ప ఇంకేం లేదు," అంది.

నేను ఇన్నేళ్లుగా భయపడుతున్నది అంతేనా అనిపించింది. ఆ ఆదివారమే అత్వెల్లి బస్సు ఎక్కాను.

నేను పోయేసరికి కొట్టంలో పశువుల డాక్టరు ఉన్నాడు. ఒక బర్రె చూలు కట్టిందో లేదో చూడడానికి వచ్చాడు. చేతికి పొడుగాటి తొడుగు వేసుకుని భుజందాకా చెయ్యి లోపలికి పెట్టాడు. అన్న బర్రె తోకను పక్కకు పట్టుకుని, దాని నడుము నిమురుతూ, "అయిపాయె అయిపాయె, జరంత సేపు," అని బుజ్జగిస్తున్నాడు. డాక్టరు కట్టిందని చెప్పి చేతులు కడుక్కుని పోయాడు. అన్న ముఖం వెలిగిపోతోంది.

నేను పరీక్ష మాట ఎత్తాను. అన్న ఎప్పటిలాగే విసుక్కున్నాడు. ఈసారి అసలు సంగతి బయటపెట్టాడు.

"ఎన్కనుంచి పైపు ఏస్తరంట గదా. ఊర్లె తెలిస్తె నా ఇజ్జత్ ఏం గావాలె?"

నాకు తిక్క రేగింది. "బర్రెకు భుజందాక చెయ్యి పెడితె తోక పట్టుకొని ముద్దు జేస్తవ్. నీకు ఏలంత పైపు పెడితె ఇజ్జత్ పోతదా? బర్రె ఇజ్జత్ ఏమైంది మరి?"

వదిన నీళ్లబకెట్ కింద పెట్టి పడీ పడీ నవ్వింది. అన్న నవ్వొద్దనుకుంటూనే నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే నేను మాట తీసుకోవాలనుకున్నాను.

"వస్తవా రావా?"

"నాకొక్కనికే ఎందుకు? రోగాల పుట్టవు నువ్వు. నువ్వు జేయించుకుంటె నేనూ జేయించుకుంట."

"ఇద్దరం ఒక్కదినమే జేయించుకుందాం," అన్నాను. నోరు జారినా వెనక్కి తీసుకోలేదు.

పరీక్ష ముందురోజు పొద్దున పాలు పిండి, పోసి, సంచిలో రెండు లుంగీలు పెట్టుకుని అన్న మా ఇంటికి వచ్చాడు. మా ఇంట్లో కింద ఒక బాత్రూమ్, మీద ఒకటి. కిందిది అన్నకు, మీదిది నాకు. మా ఆయన పిల్లలను తీసుకుని వాళ్ల అక్క ఇంటికి పోయాడు, అది ఆయన చేసిన పెద్ద సహాయం. ఆ రోజు అన్నం లేదు. కొబ్బరినీళ్లు, వడకట్టిన పప్పుకట్టు, పాలు లేని చాయ, అంతే. మధ్యాహ్నం నుంచి పేగు శుభ్రం చేసే పొడిని నీళ్లలో కలిపి గ్లాసు తర్వాత గ్లాసు తాగాలి.

అన్న మొదటి గుక్క తాగి ముఖం వికారంగా పెట్టాడు. "కుడితి లెక్కుందే. మన బర్రెలు గూడ దీన్ని ముట్టవ్."

"కుడితి తాగితెనే పాలిస్తయి. తాగు," అన్నాను.

కాసేపటికి మందు పని మొదలుపెట్టింది. అన్న కిందికి, నేను మీదికి. ఇద్దరం తిరిగి వచ్చి సోఫాలో కూలబడితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వు. నవ్వుతుంటే మళ్లీ పరుగు. యాభై దాటిన మనిషి లుంగీ ఎగ్గట్టి పరుగెత్తుతుంటే వెనకనుంచి "హో... హోయ్" అని అరిచాను. అన్న లోపలినుంచే తిరిగి అరిచాడు. తలుపు అవతలినుంచి వస్తుంటే అచ్చం నాయిన గొంతే. నాకు ఒక్కసారిగా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ సాయంత్రమంతా తోట గురించే మాట్లాడుకున్నాం. సొట్టడబ్బా చివరికి ఏమైంది? నాయిన మంచె మీంచి పడ్డప్పుడు అమ్మతో చెప్పొద్దని మాకు ఏం లంచమిచ్చాడు? అవ్వ ఆముదం సీసా అన్న ఎక్కడ దాచాడు? పెళ్లిళ్లయ్యాక అన్నా నేనూ అంతసేపు ఒకచోట కూర్చోలేదు. ఎప్పుడు కలిసినా మధ్యలో పిల్లలో, పనులో, పెద్దకర్మలో ఉండేవి. కడుపులు ఖాళీ చేసుకునే ఆ రోజు మాకు పండగ రోజుకన్నా మంచిగా గడిచింది. అన్నంటే నాకు ఎంత ఇష్టమో ఆ రోజు నాకే తెలిసొచ్చింది.

చివరి గ్లాసు దగ్గర అన్న ఆగాడు.

"చెల్లే, ఇజ్జత్ సంగతి గాదే," అన్నాడు. "నాయిన నడుచుకుంట దవాఖానకు పోయిండు. పేరు తెలిసినంక మంచం పట్టిండు. ఆ పేరు ఇనకుంటె ఇంకొన్ని దినాలు తిరుగుతుండెనేమో అనిపిస్తది నాకు. నాకు గూడ పేరు జెప్తరేమోనని భయం."

ఇన్నేళ్ల మొండితనం వెనక ఉన్నది ఇదా అని నా మనసు కలుక్కుమంది. "నేనున్న గదా," అన్నాను. అన్న గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు.

మర్నాడు పొద్దున దవాఖానలో ముందు నన్ను తీసుకుపోయారు. చేతికి సూది పెట్టి మందు ఎక్కించడం గుర్తుంది. కళ్లు తెరిచేసరికి పక్కింటావిడ చెప్పినట్టే అంతా అయిపోయింది. ఇరవై ఏళ్లుగా కడుపు పట్టుకుని తిరిగిన నాకు పెద్దపేగులో ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. రాళ్లు తిని అరిగించుకునే అన్నకు ఒక బుడిపె కనిపించింది. అక్కడికక్కడే తీసేసి పరీక్షకు పంపామని, ఫలితం వచ్చాక రమ్మని చెప్పారు.

ఆ ఫలితం వచ్చేదాకా నాకు రోజులు గడవడమే కష్టమైంది. బలవంతంగా నేనే పట్టుకొచ్చాను కదా, ఆ పేరు చెప్తే అన్న ఏమవుతాడు? రోజూ పాలు పోసే వేళకు అన్న ఫోన్ చేసేవాడు. ఎండ గురించి, గడ్డి గురించి, చూలు బర్రె గురించి మాట్లాడేవాడు. అసలు మాట మాత్రం ఎత్తేవాడు కాదు. ఒకరోజు ఫోన్ పెట్టేయబోతూ ఆగి, "చెల్లే, నాకు గూడ అదేనంటవా?" అన్నాడు. "గట్ల గాదు అన్నా," అన్నాను కానీ నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. క్లాసులో నిలబడి మామూలు కూడికలు తప్పు వేశాను. పిల్లలు ముసిముసిగా నవ్వారు.

పిలుపు వచ్చినరోజు ఇద్దరం పోయాం. నాయినను చూసిన డాక్టరు కాదు, చిన్నవయసు డాక్టరు. మేం కూర్చోకముందే, "భయపడే పని లేదు," అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అన్నకు మాత్రం ఆ మాట ఎక్కలేదు, అలాగే నిలబడ్డాడు. డాక్టరు తెరను మావైపు తిప్పి అన్న పేగు లోపలి బొమ్మ చూపించాడు. గులాబీరంగు గోడ మీద శనగగింజంత బుడిపె.

"ఇదే. మొత్తం తీసేశాం. ఇది క్యాన్సర్ కాదు. ఇలాగే వదిలేస్తే కొన్నేళ్లకు క్యాన్సర్‌గా మారే రకం. మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో రాసిస్తాను, అప్పుడు మాత్రం తప్పకుండా రావాలి."

నేను దండం పెట్టాను. అన్న తెర మీదికి వంగి ఆ బుడిపెనే చూస్తున్నాడు.

"సార్, మా నాయినకు గూడ మొదలు గింతే ఉండెనా?"

డాక్టరు నావైపు చూశాడు. తర్వాత అన్నవైపు తిరిగాడు. "దాదాపు అందరికీ ఇలాగే మొదలవుతుంది. ఆయనకూ ఒకప్పుడు ఇంతే ఉండి ఉంటుంది."

"ఎప్పుడు సార్?"

"చాలా ఏళ్ల ముందు. ఆయన బాగా తిని, బాగా తిరుగుతున్న రోజుల్లో."

"గప్పుడు జూస్తె తీసేస్తుండిరా?"

"తీసేసేవాళ్లం."

అన్న కుర్చీలో కూర్చున్నాడు. భుజం మీది తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాయిన పోయినప్పుడు అన్న ఏడవలేదు. కొరివి పెట్టాల్సినవాడు, వచ్చినవాళ్లను చూసుకోవాల్సినవాడు, పాలు పిండాల్సినవాడు, ఏడవడానికి తీరిక దొరకలేదు. "గింతే గదనే చెల్లే, గింతే గదనే," అంటుంటే నేను వీపు నిమిరాను. నాకూ ఏడుపు ఆగలేదు. డాక్టరు మమ్మల్ని తొందరపెట్టలేదు.

చాలాసేపటికి అన్న ముఖం తుడుచుకున్నాడు.

"సార్, నాకు ఇద్దరు కొడుకులు. ఇంక పిల్లగాండ్లే. ఆళ్లను ఎప్పుడు తోల్కరమ్మంటరు?"

"నలభై వచ్చేసరికి. మీకు ఈ బుడిపె కనిపించిందని అప్పుడు చెప్పాలి, మరిచిపోవద్దు. ఎవరికైనా చెప్పి ఉంచండి."

"ఎవలకో జెప్పుడెందుకు సార్," అన్నాడు అన్న. "అప్పటిదాక నేనుంట. నేనే తోల్కొస్త."